లెక్క ఫొటో వద్దు, రఫ్ పేజీ పంపు

గోరంట్లలో ఒక ఫంక్షన్ హాల్లో పెళ్లి. భోజనాల దగ్గర ప్లేటు పట్టుకుని వరుసలో నిలబడితే మా ఆడపడుచు తరఫు బంధువు ఒకాయన పక్కకి వచ్చి ఫోన్ చూపించాడు. వాళ్లబ్బాయి ఇంటర్ మొదటి సంవత్సరం, ఎంపీసీ. "చూడండి అక్కయ్యగారూ, లెక్కని ఇట్లా ఫొటో తీస్తే చాలు, స్టెప్పులతో సహా వచ్చేస్తోంది. ఇంక మీ ట్యూషన్లు ఏం కాను?" అన్నాడు. ఎగతాళి కాదు. నిజంగానే నా మీద జాలిపడుతున్నాడు.

ఫోన్ తీసుకుని చూశాను. జవాబు కరెక్టే. నేను రాసేదానికంటే నీటుగా ఉంది కూడా. "బానే ఉందండీ, మీవాడు ఎక్కడిదాకా చేశాడో అది కూడా చూపించండి" అన్నాను. ఆయన నన్ను అదోలా చూశాడు. "వాడికి రాకే కదండీ ఫొటో తీసింది!"

ఆ మాటకి అప్పుడు జవాబు తట్టలేదు. పెరుగన్నం దాకా వచ్చినా తట్టలేదు. ఇంటికొచ్చి, చీర మార్చుకుని, పిల్లల మెసేజీలు తెరిచాక తట్టింది కానీ ఆయన నంబరు నా దగ్గర లేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

నేను పదకొండేళ్లు విజయవాడలో ఒక కార్పొరేట్ జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పాను. పొద్దున్నే గుంటూరులో రైలెక్కితే కృష్ణ దాటేసరికి స్లిప్ టెస్టు పేపర్లు సగం దిద్దడం అయిపోయేది. 2020లో కాలేజీ మూతపడ్డాక బ్రాడీపేటలో మా ఇంటి వెనక గదిలో ఫోన్ పెట్టుకుని పాఠాలు మొదలుపెట్టాను. మళ్లీ రైలెక్కలేదు. ఇప్పుడు పద్నాలుగు మంది ఉన్నారు. పటమట, గుణదల, సింగ్‌నగర్, తెనాలి. ఒకడు డల్లాస్‌లో. వేసవిలో వాడికి రాత్రి ఎనిమిదైతే మనకి తెల్లవారి ఆరున్నర. మా అత్తయ్యగారి కాఫీ గిన్నెల చప్పుడు వాడికి బాగా అలవాటు.

వీళ్లందరూ మొదట్లో ఒకే పని చేసేవాళ్లు. రాత్రి పదింటికి వాట్సాప్‌లో అచ్చయిన లెక్క ఫొటో, దాని కింద "మేడం డౌట్" అని రెండు మాటలు. డౌట్ ఏమిటో ఉండదు. వాళ్లు ఏం చేశారో ఉండదు. డాక్టరు దగ్గరికి తాము రాకుండా పాఠ్యపుస్తకంలోంచి జ్వరం పాఠం పంపినట్టు ఉండేది నాకు.

రెండేళ్లుగా నా దగ్గర ఒకటే రూలు. లెక్క ఫొటో పంపొద్దు, రఫ్ పేజీ ఫొటో పంపు. కొట్టివేతలతో సహా. లెక్క ఏదో నేను వెతుక్కుంటాను. ఆన్‌లైన్లో లెక్కలు చెప్పేవాళ్లు మిగతా హంగులన్నీ పక్కన పెట్టి ముందు సంపాదించుకోవాల్సింది ఆ చిత్తు కాగితమేనని నా వాదన. దీనికి బోలెడు అభ్యంతరాలున్నాయి. కొన్ని నావే.

నాలుగు సరే, అయిదు ఎక్కణ్ణించి వచ్చింది?

ముందు ఒక లెక్క. (ఎక్స్ − 2)(ఎక్స్ − 3) = 2. ఎక్స్ ఎంత?

పటమట అమ్మాయి పదో తరగతిలో ఉన్నప్పుడు దీని మీద మెసేజ్ పెట్టింది. "మేడం, నాకు 4 వచ్చింది. కీలో 1, 4 అని ఉంది. ఒకటి మిస్సయింది, అంతే." అంతే అన్నప్పుడు నేనూ అంతే అనుకుని, బ్రాకెట్లు గుణించి, రెండుని ఇటు తెచ్చి, ఎక్స్ స్క్వేర్ మైనస్ 5 ఎక్స్ ప్లస్ 4 ఈక్వల్‌టు సున్నా అని చక్కగా రాసి పంపేశాను. "థాంక్యూ మేడం" అని దండం బొమ్మ కూడా వచ్చింది.

నాలుగు రోజుల తర్వాత అలాంటిదే ఇంకో లెక్క మళ్లీ తప్పింది. ఈసారి ఎందుకో అనుమానం వచ్చి నోట్‌బుక్కులో ఆ పేజీ ఫొటో తీసి పంపమన్నాను. పాత లెక్క కూడా అందులోనే ఉంది. ఎక్స్ − 2 = 2, కాబట్టి ఎక్స్ = 4. ఎక్స్ − 3 = 2, కాబట్టి ఎక్స్ = 5. ఆ అయిదుని కొట్టేసి నాలుగు చుట్టూ గుండ్రం చుట్టింది, ఎందుకంటే అయిదు కీలో లేదు.

లబ్ధం సున్నా అయితే రెంటిలో ఒకటి సున్నా కావాలి. అది సున్నాకి మాత్రమే ఉన్న గుణం. ఆ అమ్మాయి దాన్ని రెండుకి కూడా అంటగట్టింది. నాలుగు రావడం కేవలం అదృష్టం: 4 − 2 అంటే 2, 4 − 3 అంటే 1, గుణిస్తే రెండే. అయిదు పెట్టి చూస్తే మూడు రెళ్లు ఆరు, పోయింది. అంటే ఆ పిల్లకి వచ్చిన సరైన జవాబు కూడా తప్పు దారిలోంచే వచ్చింది. నేను పంపిన నీటైన సొల్యూషన్ ఆ తప్పుని తాకనే లేదు. "అది ఇంకో మెథడ్ అనుకున్నాను మేడం" అంది తర్వాత.

ఈ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. సరైన సొల్యూషన్ చూస్తే తప్పు దానంతటదే తొలగిపోతుందని మనం అనుకుంటాం. తొలగదు. పక్కకి జరిగి కూర్చుంటుంది. పిల్లల బుర్రలో రెండూ కలిసే కాపురం చేస్తాయి, పరీక్షలో ఏది ముందు లేస్తే అది చేస్తుంది. పెళ్లిలో ఆయన చూపించిన ఫోన్‌లోని స్టెప్పుల గురించి నా ఇబ్బంది ఇదే. అవి లెక్కకి జవాబు, వాళ్లబ్బాయికి కాదు. అదే లెక్కని ముగ్గురు మూడు రకాలుగా తప్పు చేసినా ముగ్గురికీ అక్షరం తేడా లేకుండా ఒకటే వస్తుంది.

చిట్టా, ఆవర్జా

మా నాన్న మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమస్తాగా చేశారు. టిక్కీలు (మిర్చి బస్తాలు) కాటా మీద ఎక్కుతుంటే అక్కడికక్కడే చిట్టాలో గిలికేవారు. సాయంత్రం ఇంటికి తెచ్చుకుని ముత్యాల్లాంటి అక్షరాలతో ఆవర్జాలోకి ఎక్కించేవారు. నెలాఖరున రెండు పక్కలా కూడితే ఎప్పుడూ కలిసేది కాదు. అప్పుడు ఆయన ఆవర్జా మూసేసి చిట్టా తెరిచేవారు. "తేడా ఆవర్జాలో కనపడదమ్మా, అది కడిగిన ముఖం" అనేవారు.

ఒకసారి 63 రూపాయలు తేడా వచ్చింది. ఆయన ముందు 63ని తొమ్మిదితో భాగించారు. పోయింది. "అయితే ఎక్కడో అంకెలు తారుమారయ్యాయి" అని, ఏడు తేడా ఉన్న జంట కోసం చిట్టా మీద వేలు పెట్టుకుంటూ వెళ్లి, 81 పద్దుని 18గా ఎక్కించిన చోట ఆపారు. నాకప్పుడు ఎనిమిదో తరగతి. మంత్రం వేసినట్టనిపించింది. తర్వాత తెలిసింది, పదుల స్థానం, ఒకట్ల స్థానం మారితే వచ్చే తేడా ఎప్పుడూ ఆ రెండంకెల తేడాకి తొమ్మిది రెట్లే ఉంటుందని. ఏ అంకె తప్పో చూసేముందు ఏ రకం తప్పో చూడటం నేను ఆయన దగ్గరే నేర్చుకున్నాను, బీఎస్సీలో కాదు.

పిల్లల రఫ్ పేజీలు చూస్తుంటే నాకు ఆ చిట్టాయే గుర్తొస్తుంది. గుణదల అబ్బాయి ఒకడు మైనస్ బ్రాకెట్ ముందు ఉంటే మొదటి పదానికే గుర్తు మారుస్తాడు, రెండోదాన్ని వదిలేస్తాడు. అది ఒక లెక్కలో చూస్తే పొరపాటు. అయిదు పేజీలు పక్కపక్కన పెట్టి చూస్తే అలవాటు. ఇంకొకమ్మాయి సైన్ (ఏ + బి)ని సైన్ ఏ ప్లస్ సైన్ బిగా విడగొడుతుంది, సైన్ అనేది బ్రాకెట్ బయట ఉన్న అంకె అయినట్టు. దాన్ని త్రికోణమితి తప్పుగా చూసి ఫార్ములా బట్టీ పట్టిస్తే ఇంటర్ రెండో ఏడు లాగరిథమ్ దగ్గర మళ్లీ అదే చేస్తుంది. జబ్బు ఏడో తరగతి బ్రాకెట్లలో ఉంది.

ఇంతా చేసి, ఈ పేజీలు చూపించడానికి పిల్లలకి చచ్చేంత సిగ్గు. అది వాళ్ల తప్పు కాదు, మేం నేర్పిందే. కాలేజీలో నేనూ "ఏంట్రా ఈ కోడి గెలుకుడు?" అని నోట్‌బుక్కు విసిరినదాన్నే. ఫెయిర్ నోట్సుకి అట్ట వేసి, పేరు రాసి, స్టిక్కరు అంటిస్తారు. రఫ్‌కి పాత డైరీలు, అయిపోయిన రికార్డుల వెనక పేజీలు. తప్పు వస్తే వైట్‌నర్ పూస్తారు, లేదా పేజీయే చింపేస్తారు. నా దగ్గర చేరిన వాళ్లకి నేను కొనిపించే వస్తువు ఏదైనా ఉందంటే బాల్ పెన్ను. పెన్సిల్ గీతలు ఫోన్ కెమెరాలో సరిగా పడవు అనేది పైకి చెప్పే కారణం. చెరపడానికి వీల్లేకుండా ఉండటం అసలు కారణం.

రామానుజన్ కాగితం కొనలేక పలక మీద చేసి, మోచేత్తో చెరిపేసి, ఫలితం మాత్రం నోట్‌బుక్కులో ఎక్కించేవాడని చదివాం కదా. ఆ నోట్‌బుక్కుల్లో ఉన్నవాటిని నిరూపించి పుస్తకాలుగా తేవడానికి అమెరికాలో బ్రూస్ బెర్న్ట్ అనే గణిత ఆచార్యుడికి 1985 నుంచి 1998 దాకా అయిదు సంపుటాలు పట్టింది. చెరిగిపోయిన పలకలో ఏముందో అన్నది మాత్రం ఎవరికీ దొరకలేదు. మా గుణదల అబ్బాయికి ఇది చెబితే "అయితే నేనూ చెరిపేస్తా మేడం" అన్నాడు. ఉదాహరణలు ఎంచుకునేటప్పుడు జాగ్రత్తగా ఉండాలి.

కొట్టేసిన నలభై ఎనిమిది

తెనాలి అమ్మాయి లెక్క ఇది. ఒకతను విజయవాడ నుంచి గుంటూరుకి గంటకి 40 కిలోమీటర్ల వేగంతో వెళ్లి, అదే దారిలో 60తో తిరిగొచ్చాడు. సగటు వేగం ఎంత? ఆ పిల్ల జవాబు 50. నూటికి తొంభై మంది చెప్పేది అదే కాబట్టి నేను రఫ్ అడగకుండానే ఉపన్యాసం మొదలుపెట్టబోయాను. రూలు పెట్టినదాన్ని నేనే కదా అని ఆగి అడిగాను.

పేజీలో మొత్తం ఉంది. దూరం 30 అనుకుంది. వెళ్లడానికి 45 నిమిషాలు, రావడానికి 30. మొత్తం 60 కిలోమీటర్లు, 75 నిమిషాలు. 48. దాన్ని అడ్డంగా రెండుసార్లు కొట్టేసి, కింద 40 ప్లస్ 60 బై 2 అని రాసి, 50 వేసింది.

"ఎందుకు కొట్టేశావమ్మా?"

"48 బాలేదు మేడం."

జవాబు బాగుండటం అంటే ఏమిటో ఆ రోజు అరగంట మాట్లాడుకున్నాం. నెమ్మదిగా వెళ్లిన వైపే ఎక్కువసేపు ఉన్నాడు కాబట్టి సగటు 40 వైపుకి లాగుతుందని ఆ పిల్లే చెప్పింది. ఆ రోజు నేను నేర్పింది ఏమీ లేదు. 50 ఎందుకు తప్పో వివరిస్తూ కూర్చుని ఉంటే, తనకి ముందే తెలిసిన విషయాన్ని తనకి తెలియదని నమ్మించి పంపేదాన్ని. ఇది ఎన్నిసార్లు చేసి ఉంటానో. పదకొండేళ్లు, సెక్షన్‌కి అరవై మంది.

డల్లాస్ వాడి సంగతి వేరు. వాళ్ల స్కూల్లో చేసిన పని చూపించకపోతే మార్కులు తగ్గిస్తారట, కాబట్టి వాడికి కొట్టివేతలంటే సిగ్గు లేదు. కానీ ఏడు ఎనిమిదులకి కూడా కాలిక్యులేటర్ నొక్కుతాడు. ఆ నొక్కుళ్లు పేజీలో కనపడవు. ప్రతి పద్ధతికీ దాని చీకటి మూల దానికి ఉంటుంది.

"టైమెక్కడుంది మేడం?"

ఇది తల్లిదండ్రుల అభ్యంతరం, తేలిగ్గా తీసెయ్యదగింది కాదు. ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్‌లో 160 ప్రశ్నలు, 180 నిమిషాలు. ఒక్కోదానికి అరవై ఏడున్నర సెకన్లు. అందులో 80 లెక్కలే. మైనస్ మార్కులు లేవు. హాల్లో ఇచ్చే రఫ్ కాగితాన్ని ఎవరూ దిద్దరు. అలాంటప్పుడు నేను ఒక పిల్లవాడి చిత్తు పేజీ మీద ఇరవై నిమిషాలు గడపడం ఒక తండ్రికి ఎలా కనపడుతుందో నాకు తెలుసు. "షార్ట్‌కట్లు చెప్పండి మేడం గారూ, కాన్సెప్టులు ఇంజినీరింగ్‌లో చూసుకుంటాడు" అని ఒకాయన మొహమాటం లేకుండానే అన్నాడు.

నేనూ షార్ట్‌కట్లు చెబుతాను. పైన లెక్కే ఆప్షన్లతో వస్తే బ్రాకెట్లు గుణించడం ఎందుకు, ఒక్కో ఆప్షన్ పెట్టి చూస్తే సరిపోతుంది. పరీక్షకి వెళ్లే పిల్లవాడికి అది చెప్పకపోవడం మడికట్టుకోవడమే అవుతుంది. కానీ షార్ట్‌కట్ వేసేవాడికీ తప్పులు ఉంటాయి, అవీ పేజీలోనే దొరుకుతాయి. సైన్ (ఏ + బి)ని విడగొట్టే అమ్మాయి షార్ట్‌కట్ కూడా విడగొట్టే వేస్తుంది, కాస్త తొందరగా. నేను ఆదా చేస్తున్న టైము ఎక్కడుందంటే, తను ఏడాదిలో నలభైసార్లు చేసే ఒకే తప్పుని మూడోసారికే పట్టుకోవడంలో. ఈ లెక్క తల్లిదండ్రులకి చెబితే సగం మంది ఒప్పుకుంటారు. మిగతా సగం మంది నెల తిరిగాక పిల్లల్ని మాన్పిస్తారు. ఇద్దరు మానేసి వెళ్లినవాళ్లకి మంచి ర్యాంకులే వచ్చాయి. ఆ విషయం దాస్తే ఈ వ్యాసం కూడా ఆవర్జా అయిపోతుంది.

టైము బాధ చెప్పేవాళ్లకీ ఉంది. మధ్యలో ఏడాదిన్నర నేను ఒక డౌట్ల కంపెనీకి పనిచేశాను, పేరెందుకులెండి. ప్రశ్నకి ఇంత అని డబ్బు. ప్రశ్న తెర మీదకి వచ్చిన క్షణం నుంచి గడియారం తిరుగుతుంటుంది. చివర్లో పిల్లలు నక్షత్రాలు ఇస్తారు. సొల్యూషన్ గబగబా రాసి పారేస్తే అయిదు నక్షత్రాలు. "నువ్వు ఎక్కడిదాకా చేశావు నాన్నా?" అని అడిగితే రెండు. ఒకసారి ఒక్కటి, కింద "మేడంకి ఆన్సర్ రాదు" అని కామెంటు. నెల తిరిగేసరికి నేనూ అడగడం మానేశాను. నక్షత్రాలు బాగా వచ్చాయి. ఆ ఏడాదిన్నరలో కొన్ని వేల లెక్కలు చేశాను, ఒక్క పిల్ల చేతిరాత కూడా చూడలేదు.

నిజానికి తెర మీద పాఠం చెప్పడం అన్నది ఇలా ఉండాలని ఏమీ లేదు. సల్మాన్ ఖాన్ (సినిమా ఆయన కాదు, ఆన్‌లైన్లో ఉచితంగా పాఠాలు పెట్టే ఖాన్ అకాడమీ ఆయన) 2004లో దూరాన ఉన్న కజిన్ అమ్మాయికి లెక్కలు చెప్పడం మొదలుపెట్టింది ఫోనూ, యాహూ డూడుల్ అనే ఉమ్మడి నోట్‌ప్యాడూ పెట్టుకుని. వీడియోలు రెండేళ్ల తర్వాతి మాట. లోకానికి తెలిసింది మాత్రం వీడియోలే. వీడియోలో రాసే చెయ్యి ఒకటే ఉంటుంది.

ఉమ్మడి బోర్డులూ పెన్ టాబ్లెట్లూ నేనూ కొన్నాను. పిల్లలు వాటి మీద వేలితో రాస్తే మూడు ఎనిమిదిలా కనిపిస్తుంది. ఇప్పుడు నేను చెప్పేది ఇంతే: ఫోన్‌ని రెండు బియ్యం డబ్బాల మధ్య స్కేలు మీద బోర్లించి, కెమెరా నోట్‌బుక్కు మీదకి ఉండేలా పెట్టుకో. నీ ముఖం నాకు అక్కర్లేదు. చెయ్యి ఎక్కడ ఆగిందో కనిపిస్తే చాలు. ఆగిన చోట నోరు తెరవకుండా ఉండటం మాత్రం ఇంకా నేర్చుకుంటూనే ఉన్నాను. నెట్ ఆగిందేమో అని వాళ్లనుకుంటారు, "మేడం, వినపడుతోందా?" అంటారు.

మిషన్‌కి చూపించాను

పెళ్లిలో ఆయన మాట దగ్గరికి వస్తాను. టర్కీలో ఒక హైస్కూల్లో దాదాపు వెయ్యి మంది పిల్లల మీద చేసిన ప్రయోగం గురించి 2024లో పెన్సిల్వేనియా యూనివర్సిటీ వాళ్లు రాసింది చదివాను. కొందరికి మామూలు చాట్ జీపీటీ లాంటిది ఇచ్చారు. ప్రాక్టీసులో వాళ్ల మార్కులు 48 శాతం పెరిగాయి. తర్వాత అది తీసేసి పరీక్ష పెడితే, అసలెప్పుడూ దాన్ని వాడని పిల్లల కంటే 17 శాతం తక్కువ వచ్చాయి. ఇంకొందరికి జవాబు చెప్పకుండా హింట్లు మాత్రమే ఇచ్చే రకం ఇచ్చారు. దానికి ఒక్కో లెక్కలో పిల్లలు సాధారణంగా చేసే తప్పులేమిటో టీచర్లు ముందే చెప్పి పెట్టారు. వీళ్లు ప్రాక్టీసులో 127 శాతం ఎగబాకారు, పరీక్షలో నష్టపోలేదు.

ఇది చదివి నేను ఎగిరి గంతేశాను. ఆ రాత్రి మళ్లీ చదివాక కొంచెం తగ్గాను. నష్టపోలేదు నిజమే, లాభపడనూ లేదు. ఏమీ వాడని వాళ్లతో సమానంగా వచ్చాయంతే. తప్పులు ముందే తెలిసిన మిషన్ కూడా అంతకు మించి చేయలేకపోయింది. నేను చేయగలుగుతున్నానా? నా పద్నాలుగు మందిని పోల్చుకోవడానికి ఇంకో పద్నాలుగు మంది లేరు.

పైగా ఒక రోజు పంతం కొద్దీ గుణదల అబ్బాయి రఫ్ పేజీ ఒకటి వాడిని అడిగి మిషన్‌కి చూపించాను. ఆ కోడి గెలుకుడు చదవలేదులే అనుకున్నాను. చదివింది. మూడో లైన్లో బ్రాకెట్ ముందు మైనస్ రెండో పదానికి వర్తించలేదని చెప్పింది. నాకు పట్టిన టైములో పదో వంతు పట్టి ఉండదు. మా ఆయన పక్కనే ఉండి "అయిపోయింది నీ పని" అన్నారు. రాత్రి నిద్ర పట్టలేదు, అబద్ధమెందుకు.

అయితే మిషన్‌కి ఆ పేజీ చూపించింది నేను. ఆ అబ్బాయి ఫోన్‌లో అదే మిషన్ రెండేళ్ల నుంచి ఉంది, ఒక్కసారి కూడా వాడు దానికి రఫ్ చూపించలేదు. లెక్క ఫొటోయే పెడతాడు. ఎందుకంటే రఫ్ చూపించమని అది పట్టుబట్టదు. అడిగినా వాడు చూపించడు, చూపించకపోతే దానికి కోపం రాదు. ఈ మధ్య అవి కూడా జవాబు చెప్పకుండా ప్రశ్నలు వేసే పద్ధతులు తెచ్చాయి. ఒక నొక్కు నొక్కితే అది ఆగిపోయి జవాబు వచ్చేస్తుంది. నన్ను నొక్కడానికి లేదు. ప్రస్తుతానికి నా ఉద్యోగం ఆ తేడా మీద నిలబడి ఉంది. ఎంతకాలమో తెలియదు.

ఖాళీ పేజీ

అన్నిటికంటే బలమైన అభ్యంతరం ఒక అమ్మ నుంచి వచ్చింది. వాళ్లది సింగ్‌నగర్. "మా అమ్మాయికి మొదలే తెలియట్లేదు మేడం. ఏమీ రాయనిదానికి రఫ్ ఎక్కణ్ణించి తెస్తుంది? మీరు అడిగినప్పుడల్లా బాత్రూంలోకి వెళ్లి ఏడుస్తోంది." నేను సమాధానం చెప్పలేకపోయాను. ఏదో ఒకటి గీసి పంపగలిగే పిల్లల్ని చూసి పెట్టిన రూలు అది. అసలేమీ గీయలేని వాళ్లకి అది ఇంకో పరీక్ష.

ఆ అమ్మాయి కోసం మార్చాను. లెక్కని చూసి రాయడమే రఫ్. కింద గీతలు గీయి, ఏది ఇచ్చారో, ఏది అడిగారో. లేకపోతే బొమ్మ వెయ్యి. ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగులో నీ మాటల్లో రాయి. మూడో రోజునే తేలింది, చాలా లెక్కల్లో తనకి అడ్డం పడుతున్నది లెక్క కాదు, "అట్‌లీస్ట్", "ఎక్సీడ్స్" లాంటి మాటలు. ఏడో తరగతి దాకా తెలుగు మీడియం. ఖాళీ పేజీలో కూడా ఆ సంగతి ఉంది, నేనే చూడలేదు.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు రోజుల తరబడి ఆ పిల్ల ఫోన్ పలకలేదు. మళ్లీ క్లాసుకి వచ్చాక మొదటి మాట: "ఫెయిర్ నోట్సులు అటక మీద పెట్టాం మేడం, బానే ఉన్నాయి. రఫ్‌లు మంచం కిందే ఉండిపోయాయి." చెప్పేటప్పుడు గొంతు పట్టేసింది. ఇంట్లో ఫ్రిజ్ పోయింది, పరుపులు పోయాయి. నేను "పోతే పోయాయిలేమ్మా, రఫ్‌లేగా" అనబోయి నాలుక కరుచుకున్నాను.

దొంగ రఫ్

ఇప్పుడు నా వాదన మొత్తాన్ని పడగొట్టే సంగతి. గుణదల అబ్బాయే. నాలుగైదు వారాలుగా రోజూ ఠంచనుగా రఫ్ పేజీలు పంపుతున్నాడు. కొట్టివేతలు ఉన్నాయి, బాణాలు ఉన్నాయి, మార్జిన్లో కూడికలు ఉన్నాయి. చివరికి జవాబు సరిగ్గా వస్తోంది. నేను మురిసిపోయి వాళ్లమ్మగారికి ఫోన్ చేసి చెప్పాను కూడా.

ఒక రోజు ఏదో తేడాగా అనిపించింది. మిర్చి యార్డు గుమస్తా కూతురిని కదా. కొట్టివేతలన్నీ ఒక్క గీతతో, పొందికగా ఉన్నాయి. కొట్టేసిన దానికి ముందు లైన్లో తప్పు లేదు, తర్వాత లైన్లో దాని ప్రభావం లేదు. తప్పు చేసి దిద్దుకున్నవాడి పేజీలో తప్పు కాసేపు బతుకుతుంది, రెండు మూడు లైన్లు కూడా నడుస్తుంది. ఇక్కడ పుట్టగానే చచ్చిపోతోంది. ఫోన్‌లోంచి సొల్యూషన్ దించి, మధ్య మధ్యలో నాకోసం తప్పులు నాటుతున్నాడు.

కోపం రాలేదంటే నమ్మరు. వచ్చింది. తర్వాత నవ్వొచ్చింది, ఎందుకంటే మైనస్ తప్పుల్ని వాడు భలే తెలివిగా నాటాడు, తను ఎక్కడ తప్పు చేస్తాడో వాడికి నాకంటే బాగా తెలిసినట్టు. రెండు చోట్ల నాటిన తప్పు నేను నెలలుగా చెబుతున్నదే. దొంగ చిట్టా రాయడానికి అసలు లెక్క వచ్చి ఉండాలని నాన్న అనేవారు. మరి ఇది వాడికి వచ్చినట్టా, రానట్టా? ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. రూలు పెడితే రూలుకి తగిన దొంగతనం పుడుతుందన్నది మాత్రం తేలింది. నీట్‌నెస్‌కి మార్కులు వేసినప్పుడు నీట్‌నెస్ తయారుచేశారు, నేను చిత్తుకి శెభాష్ అంటే చిత్తు తయారుచేస్తున్నారు.

మర్నాడు క్లాసులో వాడి పేజీ తెర మీద పెట్టి, "దీన్లో ఏది ముందు కొట్టేశావు నాన్నా?" అని మాత్రం అడిగాను. చాలాసేపు ఏమీ వినపడలేదు. నెట్ పోలేదు, వెనకాల వాళ్లింటి ఫ్యాను చప్పుడు వస్తూనే ఉంది. "రేపట్నుంచి పంపుతాలే మేడం" అన్నాడు చివరికి. ఏం పంపుతాడో చెప్పలేదు, నేనూ అడగలేదు.

రాత్రి పదకొండు దాటాక ఫొటో వచ్చింది. వంకరగా తీశాడు, సగం నీడ. నాలుగు లైన్లు. మూడో లైన్లో మైనస్ మళ్లీ తప్పే. నాలుగో లైను సగంలో ఆగిపోయింది, పెన్ను అక్కడే ఆనించి ఉంచినట్టు సిరా చుక్క పెద్దదయింది. దాని కింద తెలుగులో రాశాడు: "ఇక్కడిదాకే వచ్చింది మేడం."